విరిగిన కత్తికి మా మామ పూచీ

మా మామ పోయిన కబురు నాకు కోయంబత్తూరులో, గాంధీపురం బస్టాండు పక్కనున్న ఒక కొట్లో తెలిసింది. కొండలకీ అడవులకీ పోయేవాళ్ళకి గుడారాలు, తాళ్ళు, కత్తులు అమ్మే కొట్టు అది. మదురై నుంచి బస్సులో తెచ్చిన కత్తుల కట్ట విప్పి బల్ల మీద పరుస్తుంటే ఫోను మోగింది. "నాయన పోయినాడు" అన్నాడు మా ఆయన. ఆ పొద్దున నేను బయలుదేరేటప్పుడు కట్టకి తాడు సరిగ్గా బిగించలేదని నన్ను తిట్టి పంపిన మనిషి మా మామ!

కొట్టాయన మా తెలుగువాడే. నాకు నీళ్ళిచ్చి, కుర్చీ వేసి, నెమ్మదిగా అడిగాడు. "అక్కా, తప్పుగా అనుకోవద్దు. పెద్దాయన లేడు గదా. ఇంక ఈ కత్తులకి గ్యారంటీ ఎవరిది?"

నాకు ఒళ్ళు మండిపోయింది. శవం ఇంకా ఇంట్లోనే ఉంది, వీడికి గ్యారంటీ కావలసి వచ్చిందా అనుకున్నాను. బస్సెక్కి కూర్చున్నాక, ఏడుపు కొంచెం తెరిపి ఇచ్చాక, అడిగిన దాంట్లో అన్యాయం లేదనిపించింది. జనం మా కత్తి కొనేది మా మామ ముద్ర చూసి. ఆ ముద్ర వెనక ఆయన మాట ఉంది. ఆ మాట ఆయనతోనే కాలిపోతుందా, మాకు మిగులుతుందా? మదురై దాకా అదే ఆలోచన.

నేను ఈ ఇంటి కోడలిని. చదివింది తమిళంలో. ఈ తెలుగు అక్షరాలు పెళ్ళయ్యాక పట్టుబట్టి నేర్చుకున్నవి, తప్పులుంటే సర్దుకోండి. మా ఆయనకి కొలిమి పొగ పడదు, మిల్లు బండి నడుపుతాడు. అలా కొలిమి నాకు తగులుకుంది. ఆడమనిషి సమ్మెట పట్టడమేమిటని వీధిలో నలుగురూ నవ్వితే మా మామ, "సమ్మెటకి ఆడా మగా తెల్దు, బరువొకటే తెలుసు" అని సమ్మెట నా చేతిలో పెట్టి తను పట్టకారు పట్టుకున్నాడు. ఆ పూట నా అరచేతులు బొబ్బలెక్కాయి. ఆయన చూసి నవ్వాడే గానీ సమ్మెట వెనక్కి తీసుకోలేదు.

కోయంబత్తూరు కొట్టుకి కత్తులు వేయడం మొదలయ్యాక అచ్చువేసిన వారంటీ కాగితం కావాలన్నారు. నేను పెన్ను పట్టుకుని కూర్చుంటే మామ చుట్ట వెలిగించి చెప్పాడు. "రాసుకో. పచ్చిమాను కొట్టినా, ఎండిన తుమ్మ కొట్టినా, ఎముక కొట్టినా అలుగు అంచు మడతపడితే నా తప్పు. చీలితే నా తప్పు. పిడి ఊగితే నా తప్పు. సాన ఎన్నిసార్లయినా సుమ్మా, డబ్బుల్లేకుండా పట్టిస్తాను."

"ఏవి కుదరవో అవి కూడా చెప్పు మామా."

"రాయిని కొడితే కుదర్దు. గడ్డపార మాదిరి పెట్టి ఎత్తితే కుదర్దు. నిప్పులో పెడితే కుదర్దు. కరెంటు సానమీద నీలం తిరిగేదాకా రాస్తే కుదర్దు. తుడవకుండా తుప్పు పట్టిస్తే, అది వాడి సోమరితనం, కత్తిది కాదు."

"పోగొట్టుకుంటే?"

"దేవుణ్ణి అడగమను."

ఆ చివరి మాట తప్ప అన్నీ అచ్చు వేయించాను. కాగితం ఉన్నా మామ చదివేది కత్తినే. ఒకసారి కోయంబత్తూరు కుర్రాడొకడు మొన వంగిన కత్తి తెచ్చి, గుడారం చుట్టూ గడ్డి కోశానంతే అని ఒట్టు పెట్టాడు. మామ మొనని వేలిగోటితో గీరి, గోటి మీదికి వచ్చిన పచ్చ పెచ్చుని వాడికి చూపించాడు. "మీ ఊళ్ళో గడ్డికి పెయింటు కొట్టి పెంచుతారా తంబీ?" పెయింటు డబ్బా మూత లేపడానికి వాడాడని దొరికిపోయి వాడి మొహం కందగడ్డ అయింది. అయినా మామ ఆ మొన సరిచేసే పంపాడు. వాడు వెళ్ళాక నాతో అన్నాడు: "కత్తి అబద్ధం చెప్పదమ్మా. తెచ్చినోడు చెప్తాడు. చేసినోడు ఇంకా ఎక్కువ చెప్తాడు."

చేసినవాళ్ళు చెప్పే అబద్ధం ఎలా ఉంటుందో నా నోటితో నేనే చెప్పి తెలుసుకున్నాను. మామకి చూపు మందగిస్తోందని, కొలిమి పాకలో చీకటిగా ఉందని నేనే గొడవ చేసి, కప్పులో ఒక ఇనుపరేకు తీయించి వెలుతురు దిగే ప్లాస్టిక్ రేకు వేయించాను. పాక కళకళలాడింది. నేనెంత తెలివైనదాన్నో అని మురిసిపోయాను. ఆ తర్వాత కొన్ని వారాలకి, ఒట్టన్‌చత్రం వైపు కొబ్బరిచెట్లు ఎక్కే ఒకాయన రెండు ముక్కలైన కత్తి గుడ్డలో చుట్టి తెచ్చాడు. మట్ట కొడుతుంటే పైముక్క ఎగిరి ఆయన చెవి పక్కనుంచి పోయిందట.

మామ నోరు తెరవకముందే నేను అందుకున్నాను. "ఏ రాయికో తగిలించి ఉంటావు అణ్ణా."

"చెట్టుమీద రాయెక్కడుండాది అమ్మా?" అన్నాడాయన.

మామ విరిగిన అంచుని ఎండకి పెట్టి చూశాడు. లేచి వెళ్ళి, అదే కాలంలో చేసిన కొత్త కత్తి ఒకటి తెచ్చి, దాకలి దిమ్మె అంచున పెట్టి సమ్మెటతో ఒక్కటి వేశాడు. అమ్మడానికి తుడిచి పెట్టిన కత్తి! పుటుక్కున విరిగింది. "చూడు. లోపల కల్లుప్పు మాదిరి ఉండాది. మంచి కత్తి రాగిపిండి మాదిరి ఉండాల" అన్నాడు. అని తలెత్తి కప్పులోని ప్లాస్టిక్ రేకు వైపు చాలాసేపు చూశాడు.

కాలిన ఇనుము రంగు చూసే మేము పదును పట్టిస్తాం. ఏ ఎరుపు దగ్గర తీసి నూనెలో ముంచాలో కంటికే తెలియాలి. అందుకే కొలిమి పాక చీకటిగా ఉంచుతారు. వెలుతురు పడితే ఎరుపు ఉన్నదానికన్నా తక్కువగా కనపడుతుంది, ఇంకా కాలాలనిపిస్తుంది. అలా ఆ కొన్ని వారాల కత్తులన్నీ మాడి పెళుసైపోయాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు నేను అక్కడే కూలబడి ఏడ్చాను, అంతా నా వల్లేనని.

"రేకు పెట్టమన్నది నువ్వు. సరే అన్నది నేను, కాల్చింది నేను" అన్నాడు మామ. "తప్పు నాది. ఏడుపు ఆపి ఎవరెవరికి ఇచ్చినామో గుర్తు చెయ్యి."

రేకు ఆ పూటే దిగింది. మరునాడు ఇద్దరం గోనెసంచులతో ఒట్టన్‌చత్రం కూరగాయల మార్కెట్టుకి పోయాం. అరటిగెలలు కోసేవాళ్ళు, మూటలు విప్పేవాళ్ళు అక్కడ మా కత్తులే ఎక్కువ వాడతారు. మామ మార్కెట్టు మధ్య నిలబడి, వంకాయలమ్మేవాడిలా గొంతెత్తి, "నా కత్తిలో తప్పుండాది సామీ! తిరిగి ఇచ్చేయండి, వేరేది చేసిస్తాను!" అని అరిచాడు. సిగ్గుతో చచ్చిపోయాను. ఒక అరటికాయల వ్యాపారి కత్తి వదలనన్నాడు. "బాగానే నరుకుతా ఉండాది, ఏంటికియ్యాల?"

"విరిగేదాకా బాగానే నరుకుతాది తంబీ" అని మామ చెయ్యి చాపాడు.

తిరుగు బస్సులో నేను తల పట్టుకుని, ఇంక మన కత్తి ముట్టేదెవరు మామా అన్నాను. ఆయన వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ కిటికీలోంచి చూస్తున్నాడు. నాకూ గుప్పెడు పెట్టాడు. ఆ మార్కెట్టు వాళ్ళు ఈరోజుకీ వేరే కత్తి కొనరు.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, పదహారో రోజు కర్మ అయిన మరునాడు మా గుమ్మంలో జరిగింది మీకు అర్థం కావాలని. బంధువులింకా వెళ్ళలేదు. కొలిమి చల్లగా ఉంది. నల్లరేగడి ఊళ్ళ నుంచి ఒకామె వచ్చింది, సీమతుమ్మ కొట్టి బొగ్గు కాల్చి బతికే మనిషి. మామ పోయిన సంగతి ఆమెకి తెలియదు. తెలిశాక గడప పక్కన కూర్చుని ఏడ్చి, చెంగుతో మొహం తుడుచుకుని, సంచిలోంచి మామ ముద్ర ఉన్న పాత కత్తి తీసింది. పిడి దగ్గరే అడ్డంగా విరిగి ఉంది.

"ఎన్నేళ్ళ నుంచి వాడుతుండావో! ఇంక చాలు, వేరేది కొనుక్కో" అన్నాడు మా బంధువు ఒకాయన. నేను కత్తి తీసుకుని వెలుగులోకి పోయాను. అలుగు మీద దెబ్బ లేదు, రాయి తగిలిన గుర్తు లేదు. విరిగిన చోట సగం కొత్తగా తెల్లగా మెరుస్తోంది, మిగతా సగం నల్లగా ఉంది. పదునుకి నూనెలో ముంచిన రోజే లోపల చీలి, ఆ నూనె నలుపుతో ఇన్నేళ్ళూ కనపడకుండా దాగిన చీలిక. కళ్ళెంత తిప్పుకున్నా అది అక్కడే ఉంది.

"తప్పు మా మామదే. కొత్తది చేసిస్తాను" అన్నాను, అందరికీ వినపడేలా.

మా అత్త విసురుగా లేచింది. "ఏం మాటే అది! పదారు దినాలయినాయో లేదో, ఆయన పనిలోనే వంక పెడతావా? పోయినాయన వచ్చి జవాబు చెప్తాడా?"

"ఆయన తప్పు కాదని పంపించేస్తే ఆయన మాట పోతాది అత్తా."

కత్తి అత్త చేతిలో పెట్టాను. కమ్మరి ఇంట్లో నలభై ఏళ్ళు బతికిన మనిషి ఆమె. ఆ నలుపుని బొటనవేలితో తడిమింది. తిప్పి ముద్ర చూసింది, మళ్ళీ నలుపు చూసింది.

"ఆయనదే" అంది అత్త.

తర్వాత ఎవరివైపూ చూడకుండా పాకలోకి నడిచింది. నేను బొగ్గు వేసి నిప్పు రాజేశాను. అత్త కొలిమికి గాలి ఊదే చక్రం ముందు కూర్చుని తిప్పడం మొదలుపెట్టింది. బొగ్గు కాల్చే ఆమె తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. సమ్మెట పని అయ్యాక కొత్త కత్తిని మళ్ళీ నిప్పులో పెట్టి, నేను రంగు చూస్తూ, తీయాలా ఇంకా ఉంచాలా అని తడబడుతున్నాను. చక్రం ఆపకుండా, చెంపల మీది నీళ్ళు తుడుచుకోకుండా, అత్త అంది:

"చాలు, తియ్యి. మీ మామ ఇప్పుడే తీస్తాడు."