బేరమాడిన నొప్పి

కొట్టు పెట్టుకు బతికే ఇంట్లో పెరిగాను; బేరంలో ధరలాగే ఎవరేం చెప్పినా సగమే నమ్మేదాన్ని. గార్డెన్ రీచ్ ఓడరేవు ఆసుపత్రిలో నర్సుగా చేరాక రోగుల నొప్పినీ అలాగే తగ్గించి లెక్కేసేదాన్ని. అదే నా తెలివనుకునేదాన్ని.

ఒక ఉదయం శ్రీకాకుళం వైపు నుంచి వలస వచ్చిన రేవు కూలీ ఒకతను పొట్ట పట్టుకుని వచ్చాడు.

“ఏటి బాబూ, బాగా నొప్పా?”

“అబ్బే, కూసింతే సిస్టరమ్మా. బేగి మందిచ్చీ, డూటీకెల్లాల.”

పొట్ట నొక్కి చూడకుండానే వరసలో ఆగమని బయట బల్ల మీద కూర్చోబెట్టాను. మధ్యాహ్నానికి పొట్ట చెక్కలా బిగుసుకుంది. పేగుకు చిల్లుపడి చాలాసేపయింది, ఇక ఆపరేషన్ చేసినా లాభం లేదన్నాడు డాక్టరు. కూలి పోతుందన్న భయంతో అతను ముందే తగ్గించి చెప్పాడు. నేను మళ్లీ తగ్గించాను.

సాయంత్రం పక్కన కూర్చుని అడిగాను: “నిజం చెప్పు బాబూ, ఎంత నొప్పి?”

“ఇప్పుడేటీ నొప్పి లేదమ్మా.”

అది నిజమే; విషం ఒళ్లంతా పాకాక చివర్లో నొప్పి తెలీదు. చీకటి పడకముందే పోయాడు.