కల్లం వాలు, కారు వంకర

నడుము తిన్నగా ఉండి బుద్ధి వంకరగా ఉండే వయసొకటి ప్రతివాడికీ వస్తుంది. ఇప్పుడు నాకు ఆ రెండూ తారుమారయ్యాయి కాబట్టి ధైర్యంగా చెప్పుకోగలను. ఆ వయసులో నేను హైదరాబాదు నుంచి రెండు తలుపుల స్పోర్ట్స్ కారొకటి, అప్పటికే ముగ్గురు వాడి వదిలించుకున్నదాన్ని, బాన్సువాడకు తోలుకొచ్చాను. (మా రోడ్ల మీద వడ్లు ఎండబోస్తారు, బర్రెలు పడుకుంటాయి. స్పోర్ట్సంటూ ఏమన్నా ఉంటే అవే ఆడాలి.) అది చాలదన్నట్టు, ఫోన్లో ఎవడో తెల్లదొర తన కారును నేలకు ఆనించి తిప్పడం చూసి, నా కారు స్ప్రింగులు పీకి పొట్టివి వేశాను. కారు రెండంగుళాలు దిగింది. నా పరువు అంతకంటే దిగింది.

కారును కిందికి దింపితే వెనక చక్రాలు ఊరుకోవు. పైభాగాలు లోపలికి వాలి, కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డ తాగుబోతులా తయారవుతాయి. వాటిని మళ్లీ సరిచెయ్యాలని ఆ దొర చెప్పే ఉంటాడు. నేను అంతదాకా చూడలేదు. నెల తిరక్కుండా వెనక టైర్ల లోపలి అంచులు గుండు కొట్టించుకున్నాయి. కొత్తవి వేయించిన రోజు మా నాయిన కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "గీ రెండు టైర్లు నాట్లదాంక ఆగాలె. ఆగకుంటే ఇగ కారును పాత సామాన్లోనికి ఇచ్చేస్త. మన ట్రాక్టర్ టైరు ఎన్నడన్న గిట్ల లోపల్లోపల ఏడ్చిందా?" అన్నాడు. నాయిన మాటంటే మాటే. చిన్నప్పుడు నేను బడికి పోయి వచ్చేసరికి మా పాత స్కూటర్ అలాగే మాయమైంది.

టౌన్లో చక్రాలు సరిచేసే దుకాణం ఉంది గాని, దాని ర్యాంపు ఎక్కబోతేనే కారు ముక్కు తగిలింది. దుకాణమాయన వంగి చూసి, "గిది బండినా, బల్లినా అన్నా? పాకుతుంది గద!" అన్నాడు. పౌరుషమొచ్చింది. నేనే సరిచేసుకుంటానని శపథం పట్టి, మా మేనత్త కొడుకు బావను పిలిచాను. బావ తాపీ మేస్త్రీల గుండు దారం, నాలుగు పానాలు తెచ్చాడు. వడ్లు ఎత్తేశాక ఖాళీగా ఉన్న మా సిమెంటు కల్లం మీద కారు నిలిపాం. చక్రం పక్కన గుండు వేలాడదీసి, దారానికీ చక్రానికీ మధ్య సందు పైనా కిందా సమానమయ్యేదాకా బోల్టు తిప్పాలి. చెప్పడానికి ఒక వాక్యమే. చెయ్యడానికి పొద్దుటినుంచి మధ్యాహ్నందాకా నేను కారు కింద, బావ మాటలు నా మీద.

"బామ్మర్దీ, నువ్వు డిగ్రీ తప్పినవ్ గాని చక్రానికి మాత్రం మూడు డిగ్రీలు ఇప్పించినవ్ రా!"

మా అవ్వ, అంటే నాయినమ్మ, కల్లం అంచున కూర్చుని చేటలో పెసలు చెరుగుతూ మమ్మల్నే చూస్తోంది.

సందులన్నీ సమానమయ్యాయి. మీసం దువ్వి బిచ్కుంద రోడ్డెక్కాను. కారు గడ్డి చూసిన ఆవులా ఎడమకే పోతోంది! స్టీరింగును కోడెను పట్టినట్టు పట్టి వెనక్కి తెచ్చాను. బావ వెనకనుంచి చూసి నేల మీద కూలబడి నవ్వాడు. ఇంతకుముందు ఎదురెదురుగా తలలు వంచిన చక్రాలు, ఇప్పుడు రెండూ ఒకే పక్కకు వంగి ఉన్నాయి, పక్కింటి ముచ్చట వింటున్నట్టు. ఇలా తిరిగితే ఈ టైర్లు నాట్లు కాదు కదా, నారు పోసేదాకా కూడా ఆగవు.

అప్పుడు అవ్వ చేట పక్కన పెట్టింది. "కల్లానికి వాలు ఉంటది గదరా. వాన నీళ్లు పోవాలని పెట్టిస్తిమి. నువ్వే బకెట్ నీళ్లు పోసి, పారుతున్నయ్ అవ్వా అని ఎగిరినవ్, యాది లేదా?"

"పొద్దుగాల్నుంచి చూస్తున్నవ్ గద, ముందుగాల చెప్పొద్దా?"

"నన్నెవడు అడిగిండు? సదువుకున్నోళ్లు, గా నేలను గూడ సరిజేస్తరేమో అనుకున్న."

నేలే వంకరైతే గుండేం చేస్తుంది పాపం! మాలో బుర్ర ఉన్నది దానికొక్కదానికే. అవ్వే మళ్లీ అంది: "తరాజు మీద అనుమానమొస్తే ఏం జేస్తం? పల్లాలు మార్చి మల్ల తూస్తం. కారు మూతి అటు దిక్కు తిప్పి మల్ల కొలువుండ్రి. రెండిట్ల నడుమ ఏదుంటే గదే అసలుది."

మళ్లీ కొలిచాం, మళ్లీ తిప్పాం. ఈసారి కారు గీత గీసినట్టు నడిచింది. నాట్ల రోజున నాయిన మోకాళ్ల మీద వంగి, టైరు లోపలి అంచును బొటనవేలితో రాసి, "ఊఁ" అన్నాడు. (మా ఇంట్లో అది శాలువా కప్పడంతో సమానం.) తర్వాత ఆ కారును నేనే అమ్మేశాను. అవ్వ ఒక్కసారి అందులో కూర్చుంటే ఇద్దరం చేరి బయటికి లాగాల్సి వచ్చింది మరి. "గిది కారు గాదు బిడ్డా, బాయి" అంది.

ఇప్పుడు నాది ఎత్తయిన కారు. మొన్న చక్రాలు సరిచేసే దుకాణంలో కంప్యూటర్ పచ్చ అంకెలు చూపిస్తుంటే, "తమ్మీ, మీ నేల సమంగ ఉన్నదా?" అని అడిగాను. అతను నన్ను, ఆనాడు అవ్వ చూసినట్టే చూశాడు. ఇంటికొచ్చి కల్లం మీద బకెట్ నీళ్లు పోశాను. "పారుతున్నయ్ అవ్వా" అన్నాను, వినడానికి ఆమె లేకపోయినా. ఎగరలేదు. నడుము ఒప్పుకోలేదు.