సున్నా కిలోల ఒడ్డు

అది 2000వ సంవత్సరం. సింగపూర్‌లో ఒక పెద్ద జపాన్ ఎలక్ట్రానిక్స్ కంపెనీ ప్రాంతీయ కార్యాలయంలో నేను సిస్టమ్స్ ఎనలిస్టుగా పనిచేస్తున్నాను. ఆఫీసు బూన్ లే అవతల ఫ్యాక్టరీల మధ్య, ఇల్లు టాంపినీస్‌లో. అంటే దీవి ఈ కొస నుంచి ఆ కొసకి రోజూ రైలు. గంట దాటే ఆ ప్రయాణంలో సగం నిద్ర, సగం మెలకువ. కిటికీ అవతల ఫ్లాట్లు, చెట్లు, మళ్లీ ఫ్లాట్లు ఒకదాంట్లో ఒకటి కరిగిపోతుంటే, రాయాల్సిన ప్రోగ్రాములు ఆ మగతలోనే తోచేవి. వాటిలో కొన్ని బాగానే పనిచేశాయి కూడా.

ఏడాది మారితే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయన్న భయం జనవరిలో తేలిపోయింది. ఆ భయం మీద బతికిన మాలాంటి వాళ్లకి పని తగ్గింది. మా ఆయన కాంట్రాక్టు ఫిబ్రవరిలో అయిపోయింది. నా ఉద్యోగపు పాస్, అంటే పని వీసా మీదే ఆయనా, మా పాపా ఇక్కడ ఉన్నారు. అలాంటి సమయంలో టోక్యో నుంచి ఒక చిన్న ప్రాజెక్టు వస్తే కళ్లకద్దుకుని తీసుకున్నాను.

జపాన్‌లో ఆ కంపెనీ ఫ్యాక్టరీలన్నింటికీ వాలంటీర్ బృందాలున్నాయి. ఉద్యోగులూ, రిటైరైనవాళ్లూ కలిసి ఏటి గట్లు ఊడుస్తారు, కొండల మీద మొక్కలు నాటుతారు, వృద్ధాశ్రమాలకు వెళ్లి కబుర్లు చెబుతారు. చేసిందంతా నోటు పుస్తకాల్లో రాసుకుంటారు. ఇకపై అదంతా కంప్యూటర్లో ఎక్కాలి. నేను ఫారం తయారుచేశాను. తేదీ, మనుషులు, గంటలు, ఫలితం. ఫలితం అంటే ఎన్ని కిలోల చెత్త, ఎన్ని మొక్కలు, ఎందరు వృద్ధులు. అది మ్యాండేటరీ ఫీల్డ్, అంటే ఆ గడి నింపనిదే ఫారం ముందుకు కదలదు. ఆ నిబంధన పెట్టింది నేనే. పెట్టి మురిసిపోయాను కూడా.

ఏప్రిల్‌లో సిస్టమ్ మొదలైంది. ప్రతి శుక్రవారం నేను డేటా క్లీనింగ్ చేసేదాన్ని. బియ్యంలో రాళ్లు ఏరడం లాంటి పని అది. రెండుసార్లు పడ్డ వరసలు, తప్పు తేదీలు, అర్థంలేని అంకెలు తీసేయాలి. ఇంట్లో సింకు నిండా గిన్నెలున్నా నాకు పట్టదు గానీ, టేబుల్లో ఒక్క చెత్త వరస ఉంటే మనసు మనసులో ఉండదు. సముద్రం ఒడ్డునున్న ఒక ఫ్యాక్టరీ నుంచి రోజూ ఒకే రకం వరస వచ్చేది. నలుగురు మనుషులు, మూడు గంటలు, సున్నా కిలోలు. నలుగురు మూడు గంటలు ఏరితే సున్నా ఏమిటి? ఎవరో ఫారం నింపడం నేర్చుకుంటున్నారనుకున్నాను. ఎవర్నీ అడగలేదు. ప్రతి శుక్రవారం ఆ వరసలు ఏరి పారేశాను.

జూన్ మొదట్లో ఒక ఫ్యాక్సు వచ్చింది. తెచ్చింది టపా చూసే అప్పారావు అంకుల్. వాళ్ల తాతగారు విశాఖపట్నం వైపు నుంచి ఓడలో వచ్చారట. అంకుల్ పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే, తెలుగు మాత్రం వదల్లేదు, మధ్యలో భోజనాన్ని 'మకాన్' అనే మలయ్ మాట దొర్లినా.

"అమ్మా శారదా, మకాన్ అయిపోనాదా? ఇదిగో, జపాన్ నించి నీ సిస్టమ్‌కే. బొమ్మ కూడా ఏసేరు."

బొమ్మలో ఒక ఒడ్డు, నాలుగు చిన్న పీటలు, వాటి మీద సముద్రానికి వీపు పెట్టి కూర్చున్న నలుగురు ఆడవాళ్లు. మా సెక్షన్ పెద్ద తనాకా-సాన్, అంటే తనాకాగారు, ఆ ఉత్తరాన్ని నెమ్మదిగా ఇంగ్లీషులో చదివి వినిపించారు.

"నా పేరు ఓనో. ఈ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాను. నోటీసు బోర్డులో బృందాల జాబితా పెట్టారు. అందులో మా పేరు లేదు. రెండు నెలలుగా ఇక్కడ పనేమీ జరగలేదు కాబట్టి, ఫ్యాక్టరీ వెనక ఒడ్డును కార్ల పార్కింగ్‌కి తీసుకుని జులై ఒకటిన మట్టి పోస్తారట. మేం రోజూ వచ్చాం. వచ్చినట్టు రాశాం. ఒడ్డు మీద పిట్టపిల్లలు ఇంకా ఎగరడం లేదు. దయచేసి చూడండి."

తనాకా-సాన్ కాగితం బల్ల మీద పెట్టారు. "సిస్టమ్‌లో పొరపాటేమైనా జరిగిందా, శారదా-సాన్?"

"చూసి చెబుతాను" అన్నాను. చూడ్డానికేముంది? తీసిన చెయ్యి నాదే.

మధ్యాహ్నం క్యాంటీన్లో నా పళ్లెం చూసి అప్పారావు అంకుల్ పక్కన కూర్చున్నారు. "ఏటమ్మా, సాదం అలాగే ఉండిపోనాది?"

జరిగింది చెప్పాను. ఆయన టీ కలుపుకుంటూ అడిగారు.

"చెప్తే పాసు పోతాదని భయమా?"

"మా ఆయనకి కూడా పని లేదు అంకుల్."

"అది నిజమేనమ్మా. ఏం కాదులే అని నాను చెప్పలేను. గానీ ఆ ముసలామె నీ పేరు తెలీకుండానే నిన్ను అడిగింది కదా. ఆమెకి ఎవరు జవాబు చెప్తారు?"

సాయంత్రం ఇంటికి బయల్దేరే ముందు తనాకా-సాన్ గదిలోకి వెళ్లి, ఆ వరసలు తీసేసింది నేనేనని చెప్పాను. ఆయన డైరీ తెరిచారు.

"వాళ్లు రోజూ సున్నా అని రాశారంటే ఏదో కారణం ఉండాలి. వెళ్లి అడుగుదాం. గురువారం ప్రయాణం పెట్టుకోండి."

తిట్లు తర్వాత విమానంలో పడ్డాయి. మెత్తగా, చాలాసేపు.

ఆ ఫ్యాక్టరీ వెనక ఒడ్డున గడిపిన ఉదయం ఇప్పటికీ నాకు కలలాగే ఉంటుంది. అక్కడ వానాకాలం మొదలైంది. మంచు లాంటి తేమలో సముద్రం ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. అలల చప్పుడు మాత్రం పక్క గదిలోంచి వస్తున్నట్టు వినిపిస్తోంది. గడ్డి టోపీ పెట్టుకున్న ఒక చిన్న మనిషి నాకు పీట చూపించింది. ఆమే ఓనో-సాన్. కూర్చున్నాను. ఎంతసేపు అలా ఉన్నామో చెప్పలేను. నా బతుకులో అంతసేపు ఏమీ చేయకుండా కూర్చోవడం అదే మొదలు.

ఓనో-సాన్ వెనక్కి తిరిగి వేలు చూపించింది. నాకు ఇసకా, గులకరాళ్లూ తప్ప ఏమీ కనిపించలేదు. అంతలో ఒక గులకరాయి లేచి పరిగెత్తింది.

అది పిట్టపిల్ల. మా బాపట్ల వైపు ఉల్లంకి పిట్టలంటాం, దాదాపు అలాంటిదే. అవి గూడు కట్టవు. ఇసకలో గుంట చేసి గుడ్లు పెడతాయి. గుడ్లూ, పిల్లలూ రాళ్లలో కలిసిపోతాయి. చెత్త లాగడానికి దంతెలు వేస్తే గుడ్లు పగిలిపోతాయి. అందుకని ఏప్రిల్ నుంచి పిల్లలు ఎగిరేదాకా ఆ బృందం ఒడ్డు మీద అడుగు పెట్టదు. అంచున పీటలేసుకుని కూర్చుని, కుక్కల్ని తెచ్చేవాళ్లనీ, గాలం వేసేవాళ్లనీ బతిమాలి వేరే దారిలో పంపిస్తుంది. రోజుకి మూడు గంటల పని అదే.

"ఆ వరసలు తీసేసింది నేనే" అన్నాను. తనాకా-సాన్ ఆ మాటని జపనీస్‌లో చెప్పారు.

ఓనో-సాన్ నన్ను పరీక్షగా చూసింది. "చెత్త అనుకున్నారా?"

"అవును."

"మేమూ మొదటి ఏడాది అలాగే చేశాం. వసంతంలో అందరం దంతెలు పట్టుకుని ఒడ్డంతా అద్దంలా చేశాం. ఫోటో తీసుకున్నాం. ఆ ఏడాది ఒక్క పిల్ల కూడా ఎగరలేదు."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. అలాగే అడిగాను. "ఒక కిలో అని రాసి ఉంటే నేను తీసేసేదాన్ని కాదు. అలా ఎందుకు రాయలేదు?"

"ఒక కిలో అని రాస్తే, మేం దంతె వేశామని తర్వాత వచ్చేవాళ్లు అనుకుంటారు. వాళ్లూ వేస్తారు."

ఆ మధ్యాహ్నం ఫ్యాక్టరీ ఆఫీసులో ఆమె నోటు పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నాం. తనాకా-సాన్ ఒక్కో రోజూ చదివారు, నేను ఎక్కించాను. నలుగురు, మూడు గంటలు, సున్నా. నలుగురు, మూడు గంటలు, సున్నా. సంతకం పెట్టి, తప్పు ఎవరిదో రాసి, ప్రధాన కార్యాలయానికి పంపాం.

మట్టి లారీలు రాలేదు. పార్కింగ్‌ని ముందు గేటు పక్కకి మార్చారు. నా పాస్ మిగిలింది. డిలీట్ చేసే అధికారం మాత్రం నా చేతిలోంచి తీసేశారు. న్యాయమే. ఫారంలో 'ఎందుకు' అని రాసుకునే గడి ఒకటి కొత్తగా చేర్చాను.

జులై చివర్లో ఆ ఒడ్డు నుంచి వచ్చిన వరసలో నలుగురు, మూడు గంటలు, సున్నా కిలోలు ఉన్నాయి. కొత్త గడిలో ఏం రాశారో తనాకా-సాన్ నా కుర్చీ వెనక నిలబడి చదివారు. "ఈ ఉదయం ఆఖరి పిల్ల ఎగిరింది. రేపు దంతెలు తెస్తాం." మర్నాటి వరసలో నలుగురు, మూడు గంటలు, నూట నలభై కిలోలు. రెండింటినీ తెర మీద పక్కపక్కన పెట్టుకుని చూస్తుంటే కళ్లు చెమర్చాయి. వాటిలో ఏది పెద్ద పనో నేను ఇప్పటికీ తేల్చలేను. అందుకే నాకు అర్థంకాని వరస కనిపిస్తే, ముందు దాన్ని రాసిన మనిషికి ఫోన్ చేస్తాను.