ద్రాక్షల లోయ చూసివచ్చిన ఖాసింబీ

దోహాలో అల్ ఘర్రాఫా వైపు ఒక పెద్ద విల్లాలో ఖాసింబీ తొమ్మిదేళ్లుగా పనిచేస్తోంది. మొదట వంటింట్లో ఉండేది. ఆ ఇంటి పెద్దావిడకు కాళ్లు పడిపోయాక ఆమెను లేపడం, కడగడం, తినిపించడం, చక్రాల కుర్చీ తొయ్యడం అంతా ఖాసింబీ పనే అయింది. పనివాళ్లందరిలాగే తనూ ఆ ముసలావిడను ‘మామా కబీరా’ అనేది. ఆవిడ కూతురు, ఇంటి యజమానురాలు, ‘మామా’.

పెనుకొండ పక్క పల్లెలో ఖాసింబీ మొగుడు హుసేనప్పకు ఒకప్పుడు రెండెకరాల ద్రాక్షతోట ఉండేది. ఏ కొమ్మ కోయాలో, ఏది ఉంచాలో అతని వేళ్లకు తెలుసని చుట్టుపక్కల పేరు. నాలుగు బోర్లు ఒకదాని వెంట ఒకటి ఎండిపోయాయి. తీగలు పందిరి మీదే కట్టెలయ్యాయి. వాటిని పెరికి పొయ్యిలో పెట్టిన ఏడాదే ఖాసింబీ విమానం ఎక్కింది. ఆ తర్వాత హుసేనప్ప చేను వైపు పోవడం మానేశాడు. మనుషులతో మాటా తగ్గించేశాడు.

ఈ డిసెంబరుతో ఆమె ఒప్పందం ముగుస్తుంది. ఇక చాలు, వచ్చేస్తాను, ఇంటి ముందర చిన్న అంగడి పెట్టుకుందాం అని మొగుడికి చెప్పింది. అందుకని దాచిందంతా అతని పేరిటే బ్యాంకులో ఉంది.

సెప్టెంబరు ఆఖర్లో, చల్లగాలి తగిలితే మామా కబీరాకు మంచిదని, ఇంటివాళ్లు వారం రోజులకు జార్జియా దేశం వెళ్లారు. కుర్చీతో పాటు ఖాసింబీ కూడా వెళ్లింది. వాళ్లు దిగిన లోయలో ఎటు చూసినా ద్రాక్షే. వేల ఏళ్లుగా ఇక్కడ ద్రాక్షసారా చేస్తున్నారని గైడు చెప్పి, మనిషి లోతు మట్టి కుండలు నేలలో మెడదాకా పాతిపెట్టి ఉంటే చూపించాడు. ఇంటివాళ్లు సారా ముట్టలేదు. జున్ను పెట్టి కాల్చిన వేడి రొట్టెలు తిన్నారు, ద్రాక్షరసం తాగారు, ఫొటోలు తీసుకున్నారు.

మూడో రోజు మధ్యాహ్నం ఇంటివాళ్లు కొండమీది పాత ఊరు చూడ్డానికి వెళ్లారు. మామా కబీరా వసారాలో నిద్రపోతుంటే, ఖాసింబీ నాలుగడుగులు తోటలోకి నడిచి ఇంటికి వీడియో కాల్ చేసింది.

“ఏందే అది? తోటనా?” అన్నాడు హుసేనప్ప.

“తోటేనప్పా. కంటికి ఆనినంత దూరం తోటే.”

“గుత్తి పట్టుకో. ఆకు తిప్పు, ఎనకపక్క సూపీ. బూజు లేదే! ఎన్ని అడుగుల్లో పడినాయంట నీళ్లు?”

“బోర్లే లేవు నేను సూసినకాడికి. వాన బాగా పడతాదంట.”

“వానకే కాస్తాదా!” అని అతను నవ్వాడు.

తొమ్మిదేళ్లలో ఖాసింబీ విన్న మొదటి నవ్వు అది. మిగిలిన రోజులన్నీ ఫోన్ చేసింది. సాలుకూ సాలుకూ మధ్య ఎన్ని అడుగులో కొలవమంటే కాళ్లతో కొలిచి చెప్పింది. అతను మాట్లాడుతున్నాడు, అదే ఆమెకు పండగ.

దోహాకు తిరిగొచ్చిన రెండు వారాలకు హుసేనప్పే ఫోన్ చేశాడు.

“మన చేన్లో గంగ ఉందంట. నీళ్లు సూసేటోడు అరచేతిలో టెంకాయ పెట్టి సూసినాడు. ఒక్క బోరు ఏసి తోట పెడదాం. అంగడెందుకే మనకు?”

వద్దు అనాలని నోటిదాకా వచ్చింది. ఆ నవ్వు మళ్లీ ఆగిపోతుందేమోనని భయపడి, “నీ ఇష్టం” అంది.

పది రోజుల తర్వాత కూతురు ఆయేషా ఫోన్ చేసింది.

“అమ్మా, పన్నెండు నూర్ల అడుగులు పోయినారు. దుమ్మే. నాయన ఇంకోపక్క ఏపిచ్చినాడు. ఆడా దుమ్మే. మూడోది కూడా ఏపిచ్చినాడమ్మా. బ్యాంకులో ఏమీ లేదు.”

“మీరెవురూ వద్దని సెప్పలేదా?”

“ఎవురి మాట ఇన్న్యాడు? నువ్వు వద్దనింటే ఇనేటోడు.”

ఖాసింబీ గోడకు ఆనుకుని నిలబడింది. “నాయన యాడ?”

“చేన్లోనే కూచున్నాడు. రమ్మంటే రాడు.”

ఆ సాయంత్రం ముసలావిడకు ఒళ్లు తుడిచి, బట్టలు మార్చి, కిందికి వెళ్లి మామాతో ఇంకో రెండేళ్లు ఉంటానని చెప్పింది. “అల్ హమ్దులిల్లా!” అంది మామా, పొంగిపోయి. మామాకు నిజంగానే సంతోషమైంది.

మర్నాడు హుసేనప్ప ఫోన్ ఎత్తాడు.

“డిసెంబరుకు రాలేనప్పా.”

“ఊ.”

“నీదేం తప్పు లేదు. ఆ తోట నేనే సూపించినా.”

తిన్నావా అని అడిగింది. ఫోన్ పెట్టలేదని మాత్రం ఊపిరి చప్పుడును బట్టి తెలుస్తోంది. పైనుంచి మామా కబీరా పిలిచేదాకా ఆమె అలాగే చెవికి ఆనించుకుని ఉంది.

ఆ తర్వాత ఎప్పుడు చేసినా ఆయేషానే ఎత్తుతుంది.