మోపులు పట్టే చేతులు

బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో టైమ్‌కీపర్ పేతురు ఫుట్‌బాల్ జట్టుకు ఆటగాళ్లను మైదానంలో వెతకడు. పొద్దున్నే బీడీ ముట్టించి, చెరుకు బండ్లు దింపేచోట గోడకానుకుని నిలబడతాడు. ఎవరి కాలు జారదో, ఎవరికి ఆయాసం రాదో చూస్తాడు. ఈ ఏడు జిల్లా కప్పు కోసం మేనేజరు హైదరాబాద్ నుంచి గోల్‌కీపర్‌ను తెప్పిస్తానన్నాడు. పేతురు మాత్రం, బండి మీంచి విసిరే మోపులను కింద నిలబడి పట్టే పోశన్నను చూపించాడు.

"వాడు ఎప్పుడైనా బంతి ముట్టాడా?" అన్నాడు మేనేజరు.

"మోపు వంకరటింకర వస్తది సార్. బంతి గుండ్రంగుంటది, అల్కగ పట్టుకుంటడు."

మొదటి పోటీలోనే పోశన్న దూసుకొచ్చిన బంతిని గాలిలో పట్టాడు. పట్టి, రోజూ మోపును కుప్ప మీదికి వేసినట్టే వెనక్కి విసిరాడు. బంతి సొంత గోల్‌లో పడింది. మేనేజరు తల పట్టుకున్నాడు. పేతురు నింపాదిగా బీడీ దులిపాడు.

"పట్టుడు మనం నేర్పితే రాదు సార్, గది వానికున్నది. ఎనుకకు ఏసుడు మాన్పిస్త, రెండు దినాలు చాలు."