బండిబాట మీద నేర్చిన ఆట

మా మామ పోయాడట. మొన్న కోవిల్‌పట్టి నుంచి వచ్చిన మేనత్త కొడుకు గడపలో నిలబడే చెప్పాడు. "అబద్ధాలాడొద్దు, పోరా!" అని వాడి మీద అరిచాను. అరిచాక కూలబడి ఏడ్చాను.

ఆయన మా అమ్మకు తమ్ముడు, మా బడిలో డ్రిల్లు మాస్టరు. నేను మామా అని పిలవడం విని మా ఫుట్‌బాల్ జట్టులోని తమిళ పిల్లలూ మామా అనే పిలిచేవాళ్లు. వద్దని ఒక్కరితోనూ అనలేదు. ఇవాళ అరుప్పుకోట్టైలో నేను పిల్లలకు పాఠాలు చెప్పుకుంటున్నానంటే ఆయన చలవే.

ఆయన్ని తలుచుకుంటే నాకు ముందు వానే గుర్తొస్తుంది. ఆ ఏడు ఎండలు కాయాల్సిన చిత్తిర నెలంతా ఒకటే వాన. బడి మైదానం మడుగైపోయింది. విరుదునగరం బడితో ఫుట్‌బాల్ పోటీ దగ్గర పడింది. పోనీ చేలల్లో ఆడదామా అంటే, తడి నల్లరేగడిని తొక్కితే గడ్డకట్టి చేను పాడవుతుంది. మా రైతులు ప్రాణం పోయినా తొక్కనివ్వరు. అప్పుడు మామ ఏం చేశాడనుకున్నారు? రెండు చేల నడుమ బండిబాట మీదికి మమ్మల్ని పిలుచుకుపోయాడు! ఒక ఎడ్లబండి పట్టేంత వెడల్పు, అంతే.

"గట్టు దాటినోనికి తన్నులే! తడిచేను తొక్కినామంటే ఊళ్లో తలెత్తుకోలేము" అనేవాడు. వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ గొడుగు బంతికి పట్టి తను తడిసేవాడు. ఎందుకు మామా అంటే, "నేను ఆరతానురా, తోలుపందు ఆరదు" అనేవాడు. "సుమ్మా, ఊరికే నిలబడితే చలిరా, ఉరకండి!" అని గదిమేవాడు. మోకాళ్ల దాకా బురదతో, ఒకరి వెనక ఒకరం, అబ్బో, ఏం ఉరికేవాళ్లమో!

మా నాయనకు ఇదేదీ గిట్టేది కాదు. వాన పడితే దుక్కికి మనుషులు కావాలి మరి. ఒక సాయంత్రం నేరుగా బాట మీదికే వచ్చాడు.

"ఏమప్పా, చేను దున్నేదానికి మనిసి లేడు, వీడేమో ఈడ పందు తంతుండాడు. పందెంలో ఓడినారంటే వీడికి బడీ వద్దు, గిడీ వద్దు. మడక పట్టుకుంటాడు."

"సరి బావా. గెలిస్తే?"

"గెలిస్తే సదువుకోనీ."

నాకు చదువంటే ప్రాణం. ఆ రోజు నుంచి అన్నం సయించలేదు.

పోటీ రోజు వచ్చింది. విరుదునగరం మైదానం ఎంత వెడల్పు! ఏం లాభం? మేం పదకొండుమందిమీ నడిమధ్యన ఒకే వరసలో ఉరికాం. పక్కకు అడుగు వేయడానికి ఎవరికీ కాలు రాలేదు. అవతలివాళ్లు అంచుల వెంట హాయిగా వచ్చి ఒక గోలు కొట్టిపోయారు. జనం ఒకటే నవ్వు. పత్తి అమ్ముకోవడానికి ఆ ఊరొచ్చిన మా నాయన చేతులు కట్టుకుని చూస్తున్నాడు. నా పని అయిపోయిందనుకున్నాను.

సగం ఆట అయ్యాక మామ నెత్తి కొట్టుకున్నాడు.

"తప్పు నాదేరా! బాట మీద నేర్పినాను కదా! ఒరే, ఇది ఎవని చేనూ కాదురా! తొక్కండి! పక్కలకు పోండి! ఎవురూ అడగరు!"

అప్పుడే వాన దంచడం మొదలుపెట్టింది. ఇక చూడండి! అవతలివాళ్లు జారి పడుతున్నారు, మాకది రోజూ ఉన్నదే. కుడికి పోతే చోటు, ఎడమకు పోతే చోటు! ఒక గోలు కొట్టి సమం చేశాం. ఆట ముగుస్తుందనగా ఎడమ అంచు నుంచి వచ్చిన బంతిని కళ్లు మూసుకుని తన్నాను. పడింది గోలు!

మామ పంచె ఎగ్గట్టి మైదానంలోకి దూకాడు. కేకలు పెడుతూ చుట్టూ ఒకటే పరుగు.

"ఏయ్, నిల్లప్పా! వాణ్ణి బడికే పంపుతాను!" అని మా నాయన అరిచాడు. ఆ గోలలో మామకు వినపడితేగా! ఎన్నడూ దేనికీ పరుగెత్తి ఎరగని మా నాయన, చెప్పులు చేతబట్టుకుని, ఆ మాట చెప్పడానికి మామ వెనకాల బురదలో ఉరికాడు.