ముందు ముక్క అమ్మమ్మది

మా అమ్మమ్మ తన తమ్ముణ్ణి తానే కన్నది. అదీ మనవలు పుట్టాక, కుర్చీలో కూర్చుని, మధ్యమధ్యలో టీ తాగుతూ. లోకంలో ఇంకెవరి అమ్మమ్మయినా ఈ పని చేసి ఉంటే ముందుకు రమ్మనండి. నమ్మనివాళ్ళు ఆ తమ్ముడి రక్తం తీసి పరీక్ష చేయించుకోవచ్చు. అందులో తిరుగుతున్నది ఆడమనిషి రక్తమని తేలుతుంది.

ఆ తమ్ముడే మా బన్ను తాతయ్య. వీధి మలుపులో బేకరీ ఆయనది. తెల్లవారకముందే పొయ్యి వెలిగించేది ఆయన, గల్లాపెట్టె దగ్గర కూర్చుని వీధినంతా అజమాయిషీ చేసేది అమ్మమ్మ.

నడక నేర్చిన కొత్తలో ఆయన ఎవరో ఇచ్చిన బిస్కెట్టు తిన్నాడు. చూస్తుండగానే పెదాలు ఉబ్బాయి, ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి, ఊపిరి ఈలలా మోగింది. ఆస్పత్రికి ఎత్తుకు పరిగెత్తితే చావు తప్పి కన్ను లొట్టపోయినంత పనయింది. బిస్కెట్టులో వేరుశనగ పొడి ఉందని, ఆ గింజ ఆయన ఒంటికి పడదని అప్పుడే తెలిసింది. ఆ వణుకులోనే వాళ్ళమ్మ కూతుర్ని పక్కన నిలబెట్టుకుని, ఇకమీదట తమ్ముడి నోట్లోకి ఏది వెళ్ళాలన్నా ముందు నీ నోట్లో పడాలి అని చెప్పింది. చెప్పిన తల్లి పోయింది. చెప్పించుకున్న పిల్లకు పళ్ళు ఊడాయి. ఆ మాట మాత్రం ఊడలేదు.

బడిలో తమ్ముడి డబ్బా మూత ముందు అక్క తీసేది. చుట్టాలింట్లో ఆయన కప్పులో టీ ముందు అక్క చప్పరించేది. ఆయన పెళ్ళి విందులో కొత్త పెళ్ళికూతురు ముచ్చటపడి భర్త నోటికి కేకు ముక్క అందించబోతే, మధ్యలోంచి అమ్మమ్మ తల దూర్చి కొరికేసింది. ఇంటి ఆడపడుచు ఇంత తిండిపోతేమిటని ఆ కొత్తకోడలు కొన్నాళ్ళు నోరు నొక్కుకుందట. సంగతి తెలిశాక మాత్రం, ఆయన కడుపు మీ పూచీ, మిగతాది నా పూచీ అని ఒప్పందం చేసుకుంది. వీధివాళ్ళు అమ్మమ్మకు ఎంగిలక్క అని పేరు పెట్టారు. ఆవిడ ఆ పేరు విని తలెత్తి నడిచిందే గాని దించలేదు.

బేకరీలోకి వేరుశనగ గింజ రాకూడదు. గింజల పొట్లం చేత్తో పట్టుకుని వచ్చినవాడు ఎంత గొప్పవాడైనా మెట్టు కిందే నిలబడాలి. అమ్మమ్మే కిందికి దిగి రొట్టె చేతిలో పెట్టి, చేతులు కడుక్కుని మళ్ళీ ఎక్కేది.

ఇంత కాపలా కాస్తే, దొంగ లోపలే పుట్టాడు. ఒకనాడు బన్ను తాతయ్య తాను చేసిన బన్నే కొరికితే దాని మీద రక్తం అంటుకుంది. రేకు తగిలిన చోటల్లా చెయ్యి కమిలి నల్లబడింది. మెట్టెక్కితే ఆయాసం. ఎముకల లోపల రక్తం తయారుచేసే మూలుగ ఎండిపోతోందని, సరిపోయే మనిషి నుంచి రక్తానికి విత్తనాల్లాంటి మూలకణాలు తెచ్చి ఎక్కిస్తే తప్ప లాభం లేదని డాక్టరమ్మ చెప్పింది. ఇంటిల్లిపాదికీ పరీక్షలు చేశారు. సరిపోయింది ఎవరిదో చెప్పక్కర్లేదు. అమ్మమ్మ ఆ ఫలితం విని ఆశ్చర్యపోలేదు. పరీక్ష ఎందుకు దండగ, నన్నడిగితే ముందే చెప్పేదాన్ని కదా అంది.

ముందు కొన్నాళ్ళు ఆవిడకు సూదులు వేశారు, ఎముకల్లో ఉన్న మూలకణాలు రక్తంలోకి దిగడానికి. ఎముకలు సలుపుతుంటే, మంచిదే, కదులుతున్నట్టున్నాయి అనుకుంది. తర్వాత ఒక రోజు కుర్చీలో కూర్చోబెట్టారు. ఒక చేతిలోంచి రక్తం యంత్రంలోకి వెళ్ళి, కావలసినవి అక్కడ వదిలి, మిగతాది రెండో చేతిలోకి తిరిగొచ్చింది. నర్సు కప్పు పట్టుకుంటే అమ్మమ్మ టీ తాగింది. సాయంత్రానికి టొమాటో రసం రంగులో చిన్న సంచీ తయారైంది. దాన్ని చూసి అమ్మమ్మ మొహం చిన్నబోయింది.

"ఇంతేనా? దీంతో ఒక బన్ను కూడా నానదు. ఇది ఆరడుగుల మనిషికి ఏం సరిపోతుంది?"

సరిపోతుందంది డాక్టరమ్మ. పాత మూలుగను మందులతో పూర్తిగా చంపేశాం, ఇప్పుడు ఆ ఇల్లు ఖాళీ, ఇది మామూలు సెలైన్‌లా చేతి నరంలోకి ఎక్కిస్తాం, అంతే అంది. మరి చేతిలో ఎక్కిస్తే ఎముకల్లోకి ఎవరు తీసుకెళ్తారని అమ్మమ్మ అడిగింది. ఎవరూ తీసుకెళ్ళరట. రక్తంలో ఒళ్ళంతా తిరిగి, ఎముకను అవే గుర్తుపట్టి, అవే లోపలికి దూరి, ఆ చీకట్లో కాపురం పెట్టి పిల్లల్ని కంటాయట. ఎందుకంత బాగా గుర్తుపడతాయో కొంత తెలుసు, అంతా తెలియదు అందట డాక్టరమ్మ.

అమ్మమ్మ ఆ మాటకు ముక్కున వేలేసుకుంది. మా అల్లుడికి ఏళ్ళ తరబడి వచ్చిపోయే ఇంటికే దారి తెలియదు, నా ఒంట్లో ఇంత తెలివి ఉందా అనుకుందట. అల్లుడంటే మా నాన్నే. ఆ రాత్రి పడుకునే ముందు ఆవిడ తన మణికట్టు మీద నరాన్ని, కొత్తగా పరిచయమైన పెద్దమనిషిని చూసినట్టు చూసింది.

సంచీ ఎక్కించిన తర్వాతి రోజులు మంచివి కావు. ఎవరినీ రానివ్వని గదిలో, అద్దం అవతల బన్ను తాతయ్య జ్వరంతో, నోరంతా పుండ్లతో పడి ఉన్నాడు. ఇవతల అమ్మమ్మ అద్దానికి నుదురు ఆనించి నిలబడింది. లోపలికి వెళ్ళే తిండిని రుచి చూడనివ్వలేదని నర్సులతో గొడవ పడింది. మెల్లగా జ్వరం దిగింది. రక్తంలో కొత్త కణాలు కనిపించడం మొదలైంది, ముందు ఒకటీ అరా, తర్వాత గుంపులుగా.

నెలలు గడిచాక ఇంకో వింత. పరీక్షలు చేసే అమ్మాయి కంగారుపడి మళ్ళీ రక్తం తీసుకుపోయింది. సీసాలు తారుమారయ్యాయని ఆ పిల్ల భయం. తారుమారైంది సీసా కాదు, మనిషే. బన్ను తాతయ్య రక్తం గ్రూపు మారిపోయి అమ్మమ్మ గ్రూపు అయింది. అది విని ఆయన భార్య, ఆడపడుచు అర్ధమొగుడు అంటారు, నా ఖర్మ కాలి పూర్తి మొగుడే అయింది అని నెత్తి కొట్టుకుని నవ్వింది, తర్వాత వదినగారి చేతులు పట్టుకుని వదల్లేదు.

అసలు వింత ఆ తర్వాత బయటపడింది. వేరుశనగ పేరు వింటేనే ఎగిరిపడే గుర్తు ఒకటి ఆయన రక్తంలో చిన్నప్పటినుంచీ ఉండేది. అది మాయమైందని డాక్టరమ్మ కాగితం రెండుసార్లు చదివి చెప్పింది.

"ఒంటికి కాపలా కాసేవాళ్ళు కూడా ఎముకల్లోనే పుడతారమ్మా. పాతవాళ్ళకి ఆ గింజ దొంగలా కనిపించేది. వాళ్ళు పోయారు. వచ్చినవాళ్ళు మీ దగ్గర పుట్టినవాళ్ళు. వాళ్ళకది చుట్టం."

అందరికీ ఇలా జరగదని కూడా చెప్పింది. కొందరికి పాత ఎలర్జీ పోతుంది, కొందరికి ఇచ్చినవాళ్ళ ఎలర్జీ కొత్తగా అంటుకుంటుంది. అమ్మమ్మ వెంటనే, నాకు పడనిది మా వియ్యపురాలు ఒక్కతే, అదేమైనా వీడికి అంటుకుందా అని ఆరా తీసింది. డాక్టరమ్మ నవ్వి, ఉత్త ఎలర్జీ కోసం ఎవరూ ఇంత పని చేయరు, ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టు అవుతుంది అంది. కానీ ఇల్లు తగలబెట్టకుండా, మూలకణాలతోనే ఆ కాపలావాళ్ళకి కొత్త బుద్ధి నేర్పే దారి ఏదైనా ఉందా అని చాలామంది వెతుకుతున్నారట. ఇంకా దొరకలేదట. దొరకదని మాత్రం ఎవరూ అనడం లేదట.

మాయమైంది నిజమో కాదో తేలాలంటే ఆయన ఆస్పత్రిలో, సూది మందు పక్కన పెట్టుకుని, వేరుశనగ తిని చూడాలి. అమ్మమ్మ ససేమిరా అంది. చావు గుమ్మం దాకా వెళ్ళి వచ్చినవాణ్ణి మళ్ళీ ఆ తలుపే తట్టమంటారా అని కూర్చుంది. బన్ను తాతయ్య ఎప్పుడూ అక్క మాట జవదాటడు. ఈసారి మాత్రం, పక్కింట్లో ఒక్కసారి నా టీ ముందు నేనే తాగాలని ఉందక్కా అన్నాడు. ఆ మాట ఆవిడకు ఎక్కడో గుచ్చుకుంది. చెప్పులు వేసుకుని ఆస్పత్రికి బయలుదేరింది.

చిన్న గది. మంచం, గోడ గడియారం, పళ్ళెంలో సూది. నర్సు మిల్లీగ్రాముల లెక్కన తూచిన పొడిని చెంచా జావలో కలిపి ఆయన చేతికిచ్చింది. ఆయన చెంచా ఎత్తాడు. ఆ తర్వాత ఏం జరిగిందో అమ్మమ్మకే తెలియదట. చెయ్యి దానంతట అదే వెళ్ళింది. చెంచా ఆవిడ నోట్లో ఉంది. ఆస్పత్రి తూచిన మోతాదంతా చప్పరించేసి, అలవాటు కొద్దీ తలూపి, "ఉందిరా ఇందులో" అంది.

ఉందని అందరికీ తెలుసు. నర్సు నెత్తిన చెయ్యి పెట్టుకుంది. డాక్టరమ్మ కోప్పడాలో నవ్వాలో తేల్చుకోలేకపోయింది. బన్ను తాతయ్య మాత్రం అక్క మణికట్టు పట్టుకుని మెల్లగా అన్నాడు.

"నువ్వు ఇప్పటికే నా లోపల కూర్చున్నావు కదక్కా. బయట కూడా కాపలా ఎందుకు?"

అమ్మమ్మ చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. మళ్ళీ తూచి కలిపారు. ఆ అద్దం గది రోజులు తప్పిస్తే, బుద్ధెరిగాక మొదటిసారి, అక్క ముట్టని చెంచా ఆయన నోట్లోకి వెళ్ళింది.

ఇక గదిలో చప్పుడంతా గడియారానిదే. ఆవిడ ఆయన పెదాలనే చూస్తూ కూర్చుంది. ఎర్రబడలేదు. చెవులు చూసింది. మెడ చూసింది. ఊపిరి ఈల వేస్తుందేమోనని తన ఊపిరి బిగబట్టి విన్నది. మోతాదు పెంచారు. మళ్ళీ పెంచారు. ఏమీ కాలేదు. ఆ చర్మం కింద ఎక్కడో తన ఒంట్లోంచి వెళ్ళినవే లక్షలకు లక్షలు గుమ్మాల దగ్గర నిలబడి, వచ్చిన గింజను చూసి, మనవాడే, పోనివ్వండి అంటున్నాయి. ఆ అనడం వినిపించదు. కానీ అమ్మమ్మకు విన్నట్టే ఉందట.

చివరికి పొడి కాదు, వేయించిన గింజలే ఇచ్చారు. బన్ను తాతయ్య ఒక గింజ నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నాడు. నమిలాడు. ఆయన కళ్ళ చివర నుంచి నీళ్ళు కారాయి. అమ్మమ్మ సూది కోసం లేచింది. ఆయన కళ్ళు తెరిచాడు.

"ఇంత బాగుంటుందని ఒక్కసారైనా చెప్పలేదేం అక్కా?"

ఇంతకాలం అమ్మమ్మ గింజ ఉందా లేదా అని చూసిందే గాని, దాని రుచి ఎలా ఉందో ఆవిడెప్పుడు చూసింది?

ఇదంతా రాసి అమ్మమ్మకు చదివి వినిపించాను. ప్రపంచంలో ఇంత గొప్ప పని చేసినవాళ్ళు నీలా ఎంతమంది ఉంటారు, నీకేమనిపిస్తోంది అని అడిగాను. గల్లాపెట్టె మూసి నా వైపు చూసింది.

"గొప్పా లేదు, గాడిదగుడ్డూ లేదు. వాడిప్పుడు నన్ను పిలవకుండా తినేస్తున్నాడు. అది రాయి."